మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి బెంగళూరుకు మారుతున్నారా? ఇల్లు చూడకుండా అడ్వాన్స్ పంపొద్దు

ఆఫర్ లెటర్ వచ్చింది. పది రోజుల్లో బెంగళూరులో ఉద్యోగంలో చేరాలి. మీరేమో మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో ఉన్నారు. ఫోన్ తీసి యాప్‌లో వెతికితే అరగంటలో నలభై ఇళ్లు కనిపిస్తాయి. అందులో ఒకటి మరీ నచ్చుతుంది. గాలి, వెలుతురు బాగున్నాయి, ఆఫీసుకు దగ్గర, అద్దె మాత్రం చుట్టుపక్కల ఇళ్లకంటే తక్కువ. ఫోన్ చేస్తే అవతలి వ్యక్తి మర్యాదగా మాట్లాడతాడు. "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు. టోకెన్ వేస్తే మీకే ఆపి పెడతాను" అంటాడు.

ఆగాల్సింది ఇక్కడే. ఇల్లు ఫోన్‌లో వెతకడంలో తప్పు లేదు. పోల్చుకోవచ్చు, బేరమాడవచ్చు, కాగితాలు తెప్పించుకుని చూడవచ్చు. డబ్బు మాత్రం ఇంటిని కళ్లతో చూశాకే కదలాలి. ఈ మూడు ఊళ్ల వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. ఇక్కడి నుంచి బెంగళూరు సుమారు 100 నుంచి 130 కిలోమీటర్లు. మన రాష్ట్ర రాజధాని కంటే చాలా దగ్గర. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. ఆ ఒక్క రోజు ఖర్చు మిగుల్చుకోబోయి నెలల జీతం పోగొట్టుకోకూడదు.

ఇంట్లో కూర్చుని ఏమేం చేయవచ్చో, ఏ పనికి స్వయంగా వెళ్లాలో వరుసగా చూద్దాం.

ముందు ఈ నాలుగు మాటలు తెలుసుకోండి

మన బాడుగనే కన్నడంలో బాడిగె అంటారు. ఇంటి గేటుకు వేలాడే బోర్డు మీద ఆ మాటో, టు-లెట్ అనో ఉంటుంది. అక్కడిదాకా తికమక లేదు. డబ్బుకు సంబంధించిన మాటల దగ్గరే పొరపాట్లు జరుగుతాయి.

అడ్వాన్స్: మన ఊళ్లో అడ్వాన్స్ అంటే ఒకటి రెండు నెలల అద్దె అనుకుంటాం. బెంగళూరులో ఈ మాటకు అర్థం సెక్యూరిటీ డిపాజిట్. ఒకప్పుడు పది నెలల అద్దె అడగడం అక్కడ మామూలే. ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలు అడుగుతున్నారు. మాట్లాడితే ఇంకా తగ్గించేవాళ్లూ ఉన్నారు. ఖాళీ చేసేటప్పుడు ఇది తిరిగి రావాలి.

లీజు: ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి, నెలనెలా అద్దె లేకుండా రెండు మూడేళ్లు ఉండడం. గడువు తీరాక అసలు వెనక్కి వస్తుందన్నది ఒప్పందం. యాప్‌లో లీజు అని ఉంటే అద్దె ఇల్లు అనుకోకండి. దీనిలోని ప్రమాదం గురించి కింద చెబుతాం.

టోకెన్: ఇల్లు మనకోసం ఆపి ఉంచడానికి ఇచ్చే చిన్న మొత్తం. మోసాలు ఎక్కువగా మొదలయ్యేది దీంతోనే.

మెయింటెనెన్స్: లిఫ్టు, వాచ్‌మన్, నీళ్లు, శుభ్రత కోసం నెలనెలా కట్టేది. అద్దెలో కలిసి ఉందా, వేరుగానా అన్నది మొదటి ఫోన్‌లోనే అడగండి.

చేతిలో ఎంత డబ్బు ఉండాలి?

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. అద్దె నెలకు 18,000 రూపాయలు, అడ్వాన్స్ ఆరు నెలలు అనుకోండి. అడ్వాన్స్ 1,08,000. మొదటి నెల అద్దె 18,000. బ్రోకర్ ద్వారా అయితే సాధారణంగా ఒక నెల అద్దె, అంటే ఇంకో 18,000. తాళాలు చేతికొచ్చే లోపే 1,44,000 రూపాయలు బయటికి వెళ్తాయి. సామాను బండి, గ్యాస్, పరుపు ఖర్చు ఇందులో లేదు.

మొదటి జీతం రాకముందే ఈ మొత్తం కావాలి. చాలా ఇళ్లల్లో నాన్న పొదుపులోంచో, బంగారం కుదువపెట్టో ఇది తెస్తారు. ఇల్లు తొందరగా ఖాయం చేసుకోవడం కంటే ఈ డబ్బు భద్రంగా ఉండడమే ముఖ్యం. చేతిలో అంత లేకపోతే మొదటి నెలా రెండు నెలలు పీజీలో దిగండి. పీజీ అడ్వాన్స్ తక్కువ ఉంటుంది. నగరంలోనే ఉంటూ సాయంత్రాలు, ఆదివారాలు ఇల్లు చూసుకోవచ్చు. ఉద్యోగం చేసే మహిళలకు కేంద్ర ప్రభుత్వ సఖీ నివాస్ పథకం కింద నడిచే హాస్టళ్లు కూడా ఉన్నాయి. కంపెనీ కొత్తవాళ్లకు కొన్ని రోజులు బస ఇస్తుందేమో హెచ్ఆర్‌ను అడగండి.

ఏ ప్రాంతంలో వెతకాలి?

ముందు ఆఫీసు ఎక్కడో మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. తర్వాత మీ ఊరి దారి ఎటు నుంచి నగరంలోకి వస్తుందో చూడండి. మదనపల్లె బస్సులు చింతామణి వైపు నుంచి, పుంగనూరు బస్సులు ముళబాగిలు, కోలారు వైపు నుంచి వచ్చి హోసకోటె మీదుగా కేఆర్ పురం దగ్గర నగరంలోకి చేరతాయి. కుప్పం రైలు బంగారుపేట, మాలూరు దాటి వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం, కంటోన్మెంట్ మీదుగా మెజెస్టిక్ దగ్గరి ప్రధాన స్టేషన్‌కు వెళ్తుంది. మూడు దారులూ తూర్పు వైపు నుంచే వస్తాయి. శని, ఆదివారాలు ఇంటికి వచ్చిపోయేవాళ్లకు తూర్పున ఇల్లు ఉంటే నగరం మొత్తం దాటే బాధ తప్పుతుంది.

ఆఫీసు వైట్‌ఫీల్డ్, మహదేవపుర వైపు ఉంటే ఇది బాగా కుదురుతుంది. ఆఫీసు ఎంజీ రోడ్డు, మెజెస్టిక్ వైపు ఉన్నా మెట్రో పర్పుల్ లైన్ ఉంది. వైట్‌ఫీల్డ్ నుంచి కేఆర్ పురం, ఇందిరానగర్, మెజెస్టిక్ మీదుగా చల్లఘట్ట దాకా ఈ మార్గం 2023 అక్టోబరులో పూర్తయింది. ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో అయితే లెక్క మారుతుంది. ఆర్‌వీ రోడ్డు నుంచి సిల్క్ బోర్డు, ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర వెళ్లే ఎల్లో లైన్ 2025 ఆగస్టులో మొదలైంది. ఇల్లు ఆ మార్గంలో చూసుకోవడం మేలు. కుప్పం వాళ్లకు ఎలక్ట్రానిక్ సిటీకి కృష్ణగిరి, హోసూరు మీదుగా రోడ్డు దారి కూడా ఉంది.

ప్రకటనలో 'మెట్రో రాబోతోంది' అని ఉంటే పట్టించుకోకండి. రేపు వచ్చే మెట్రోకు ఇవాళ అద్దె కట్టనక్కర్లేదు. ఇంటి నుంచి ఆఫీసుకు ఎంతసేపు పడుతుందో మ్యాప్‌లో చూసేటప్పుడు బయల్దేరే సమయం ఉదయం తొమ్మిది అని పెట్టి చూడండి. రాత్రి పదకొండింటికి చూస్తే ప్రతి ఇల్లూ ఆఫీసుకు దగ్గరగానే కనిపిస్తుంది.

కుప్పం వాళ్లకు ఇంకో దారి ఉంది. రైల్వే నెలవారీ సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దూరం వరకు ఇస్తారు. కుప్పం ఆ పరిధిలోనే ఉంది. ఇల్లు దొరికేదాకా కొన్ని వారాలు రోజూ వచ్చిపోవడం అలసటే, కానీ తొందరపడి చెడ్డ ఇంట్లో దిగడం కంటే నయం. ఏ రైళ్లలో సీజన్ టికెట్ చెల్లుతుందో, మీరు దిగాల్సిన స్టేషన్‌లో ఏవి ఆగుతాయో ముందే చూసుకోండి.

నీళ్ల సంగతి అడగడం మరవకండి

2024 వేసవిలో బెంగళూరు నీటి కష్టం దేశమంతా చూసింది. బోర్లు ఎండిన చోట జనం ట్యాంకర్ల మీదే బతికారు. ఆ ఏడాది అక్టోబరులో కావేరి ఐదో దశ పథకం ప్రారంభమైంది. రోజుకు 77.5 కోట్ల లీటర్ల సామర్థ్యం ఉన్న ఈ పథకం నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం కట్టింది. అయితే ఆ ప్రాంతంలో పథకం ఉన్నంత మాత్రాన మీరు చూసే భవనానికి కనెక్షన్ ఉన్నట్టు కాదు.

అందుకే ఇలా అడగండి: కావేరి నీళ్లు వస్తాయా, బోరా, ట్యాంకరా? వారానికి ఎన్ని రోజులు వస్తాయి? ట్యాంకర్ అయితే డబ్బు ఎవరు కడతారు? ఈ ప్రశ్న యజమానిని అడిగి ఊరుకోకుండా, ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు పక్కింటి వాళ్లను కూడా అడగండి.

వాన సంగతీ అంతే ముఖ్యం. 2022 సెప్టెంబరులో మహదేవపుర, బెళ్లందూరు పరిసరాల్లో ఖరీదైన లేఔట్లలోకి కూడా నీళ్లు వచ్చాయి. గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లయినా, బండి సెల్లార్‌లో పెట్టాల్సి వచ్చినా, ఆ వీధిలో నీళ్లు నిలుస్తాయా అని తెలుసుకోండి. వీధి పేరుతో పాత వార్తలు వెతికితే చాలావరకు తెలిసిపోతుంది.

ఎక్కడ వెతకాలి?

నోబ్రోకర్, మ్యాజిక్‌బ్రిక్స్, 99 ఏకర్స్, హౌసింగ్ లాంటి యాప్‌లు ధరల అంచనాకు బాగా పనికొస్తాయి. ఒకే వీధిలో అలాంటివే ఐదు ఇళ్ల అద్దె రాసుకోండి. మీకు నచ్చిన ఇంటి అద్దె వాటికంటే బాగా తక్కువగా ఉంటే అది అదృష్టం అనుకోకండి. ఎందుకు తక్కువో తెలిసేదాకా అనుమానించండి.

ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఫ్లాట్‌మేట్ ప్రకటనలు ఎక్కువ. ఉన్నవాళ్లలో ఒకరు వెళ్తూ తన చోటు మరొకరికి ఇస్తారు. ఇందులో అడ్వాన్స్ తక్కువ పడుతుంది. కానీ యజమానికి తెలిసే ఇస్తున్నారా, అగ్రిమెంట్‌లో మీ పేరు చేరుస్తారా అని అడగండి. మీ పేరు ఎక్కడా లేకుండా పాత వ్యక్తికి డబ్బు ఇస్తే, ఆయన వెళ్లిపోయాక దాన్ని అడగడానికి మీ దగ్గర ఆధారం ఉండదు.

యాప్‌లో కనిపించని ఇళ్లు కూడా చాలా ఉంటాయి. అవి గేటు బోర్డుల మీదే కనిపిస్తాయి. బెంగళూరులో చుట్టాలో, కాలేజీ స్నేహితులో లేని ఇల్లు మన మూడు ఊళ్లల్లో అరుదు. వాళ్లను ఒక ఆదివారం ఆ నాలుగు వీధులూ తిరిగి బోర్డుల ఫొటోలు పంపమనండి. తెలుగు తెలిసిన ఇంటి యజమానులు తూర్పు బెంగళూరులో ఎందరో ఉన్నారు, మాట కలపడం కష్టం కాదు.

పెళ్లికాని వాళ్లకు ఇస్తారా, మాంసాహారం వండుకోవచ్చా, రాత్రి ఎన్నింటికి గేటు వేస్తారు, అమ్మానాన్నలు వచ్చి నెల రోజులు ఉండవచ్చా? ఇవి మొహమాటపడే ప్రశ్నలు కావు. ఇక్కడి నుంచి బస్సెక్కే ముందే అడిగితే ఒక ప్రయాణం మిగులుతుంది.

ఫోన్‌లోనే నిజానిజాలు ఎలా చూడాలి?

ఫొటోలు: ప్రకటనలోని ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతకండి. అదే ఫొటో వేరే నగరంలో, వేరే అద్దెతో కనిపిస్తే ఇక మాట్లాడాల్సిన పని లేదు.

చిరునామా: ఇంటి నంబర్, వీధి, క్రాస్, మెయిన్ రోడ్డు పేరుతో పూర్తి చిరునామా అడగండి. 'ముందు టోకెన్, తర్వాత లొకేషన్' అంటే ఫోన్ పెట్టేయండి. బెంగళూరులో గూగుల్ స్ట్రీట్ వ్యూ 2022 నుంచి ఉంది. భవనం బయటి రూపం, వీధి వెడల్పు అందులో చూడవచ్చు.

వీడియో కాల్: ముందే తీసిన వీడియో వద్దు, లైవ్‌లో చూపించమనండి. వీధి మొదటి నుంచి నడుస్తూ రమ్మనండి. గేటు మీద ఇంటి నంబర్, కరెంటు మీటర్, మెట్లు, తలుపు తాళం తీయడం వరుసగా కనిపించాలి. లోపల కుళాయిలు తిప్పమనండి. కిటికీలు తెరిచి బయట ఏముందో చూపించమనండి. గోడల మూలల్లో, బాత్‌రూం పైకప్పు మీద తేమ మరకలు చూడండి. ఇల్లు నిజంగా తన చేతిలో ఉన్నవాళ్లకు ఇది పది నిమిషాల పని. కుదరదని నాలుగు సార్లు సాకు చెప్పేవాళ్ల దగ్గర బహుశా తాళం కూడా ఉండదు.

ఇల్లు ఆయనదేనా?

యజమానిగా చెప్పుకునే వ్యక్తిని మూడు కాగితాలు అడగండి. ఒకటి, ఇటీవలి బెస్కాం కరెంటు బిల్లు. రెండు, ఆస్తి పన్ను రసీదు. మూడు, ఖాతా పత్రం. మూడింట్లో పేరు, చిరునామా ఒకటేనా చూడండి. బిల్లు మీది మీటర్ నంబర్, వీడియోలో కనిపించిన మీటర్ నంబర్ కలవాలి.

ఒక చిన్న గమనిక. బెంగళూరు నగర పాలక సంస్థగా ఉన్న బీబీఎంపీ స్థానంలో 2025లో గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద ఐదు నగర పాలక సంస్థలు వచ్చాయి. పాత రసీదు మీద బీబీఎంపీ అని, కొత్తదాని మీద వేరే పేరు ఉన్నాయని కంగారు పడకండి. ముఖ్యంగా చూడాల్సింది యజమాని పేరు, ఆస్తి వివరాలు.

ఇల్లు తండ్రి పేరునో భార్య పేరునో ఉండి కొడుకో భర్తో మాట్లాడటం మామూలే. అప్పుడు అగ్రిమెంట్ మీద అసలు యజమాని సంతకం ఉండాలి, లేదా ఆయన ఇచ్చిన అధికార పత్రం చూపించాలి. యజమాని విదేశాల్లో ఉన్నారంటే అధికార పత్రం తప్పనిసరిగా అడగండి.

కాగితాలు అడిగేటప్పుడు మీవి కూడా అడుగుతారు. ఇంటిని చూడకముందే ఆధార్, పాన్ పూర్తి కాపీలు వాట్సాప్‌లో పంపకండి. ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి ఇవ్వండి.

లీజు అయితే ఇంతటితో సరిపోదు. యజమాని ఆ ఇంటిని బ్యాంకులో తాకట్టు పెట్టి అప్పు కట్టకపోతే, బ్యాంకు సర్ఫేసీ చట్టం కింద ఇంటిని స్వాధీనం చేసుకుని వేలం వేయవచ్చు. అప్పుడు మీరిచ్చిన లక్షలు చిక్కులో పడతాయి. కావేరి ఆన్‌లైన్ సేవల పోర్టల్‌లో ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయండి. తాకట్ల వివరాలుండే సెర్సాయ్ రికార్డులో కూడా వెతకండి. ఏడాది దాటిన లీజు పత్రాన్ని రిజిస్టర్ చేయించాలి. రిజిస్ట్రేషన్ వద్దనే యజమానికి లీజు డబ్బు ఇవ్వకండి.

మోసం ఎలా జరుగుతుంది?

పద్ధతులు పాతవే, మాటలే మారుతుంటాయి. 'నేను సైన్యంలో పనిచేస్తాను, బదిలీ అయింది' అని చెప్పి గుర్తింపు కార్డు ఫొటో పంపుతారు. ఆ కార్డు నకిలీదో, వేరొకరిదో అయి ఉంటుంది. ఇల్లు చూడాలంటే గేటు పాసుకు కొంత కట్టాలి, తర్వాత తిరిగి ఇస్తామంటారు. అద్దె ఇంటిని చూడనివ్వడానికి డబ్బు అడిగారంటే అది మోసమని అర్థం. ఇంకొందరు 'మీ ఖాతాలోకి డబ్బు వెనక్కి వేస్తాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అంటారు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచే పోతుంది.

ఇంకో రకంలో ఇల్లు నిజమే, తాళం నిజమే. కొన్ని రోజుల కోసం తీసుకున్న ఇంటిని తనదని చూపించి, నలుగురైదుగురి దగ్గర అడ్వాన్స్ తీసుకుని మాయమవుతారు. ఇల్లు చూసినా కాగితాలు చూడమని చెప్పేది ఇందుకే.

ఒక రోజు వెళ్లి రండి

ఇంట్లో కూర్చుని జాబితాను నాలుగైదు ఇళ్లకు తగ్గించుకున్నాక ఒక రోజు పెట్టుకోండి. వీలైతే పనిదినం ఎంచుకోండి, ట్రాఫిక్ అసలు రూపం తెలుస్తుంది. ఇళ్లన్నీ ఒకే వైపున ఉండేలా చూసుకుని, యజమానులకు ముందు రోజే సమయం చెప్పండి.

వెళ్లాక ఇంటి లోపల ఫోన్ సిగ్నల్ చూడండి. పై అంతస్తు కుళాయిలో నీటి ధార చూడండి. పక్కింటి వాళ్లతో, వాచ్‌మన్‌తో, వీధి చివరి కిరాణా కొట్టులో ఐదు నిమిషాలు మాట్లాడండి. పాత అద్దెదారు ఎందుకు ఖాళీ చేశారు, అడ్వాన్స్ సరిగా తిరిగి ఇచ్చారా అని అడగండి. ఆ జవాబు ఏ యాప్‌లోనూ దొరకదు. మెట్రో స్టేషన్‌కో, బస్ స్టాప్‌కో ఒకసారి నడిచి చూడండి.

మీకు వీలుకాకపోతే మీ తరఫున నమ్మకమైన మనిషిని పంపండి. ఆ మనిషి ఇంట్లో నిలబడి వీడియో కాల్ చేయాలి, యజమానితో మాట్లాడాలి, కాగితాలు చూడాలి.

అగ్రిమెంట్‌లో ఏముండాలి?

అడ్వాన్స్ మీద చట్టపరమైన పరిమితి ఉందా అని చాలామంది అడుగుతారు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదంటుంది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. కర్ణాటక అద్దె చట్టం-1999 బెంగళూరులో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు వర్తించదు. ఈ రోజుల్లో ఆ అద్దెకు ఇల్లు దొరకదు కాబట్టి, మీకు రక్షణ అగ్రిమెంట్‌లో మీరు రాయించుకున్న మాటలే.

అగ్రిమెంట్ 11 నెలలకే ఎందుకు రాస్తారంటే, ఏడాది మించిన కౌలు పత్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 11 నెలలైతే ఈ-స్టాంప్ పత్రం మీద రాసుకుంటే సరిపోతుంది. ఈ-స్టాంప్ మీద ఉండే సర్టిఫికెట్ నంబర్‌ను ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. అగ్రిమెంట్ చాలావరకు ఇంగ్లిష్‌లో ఉంటుంది. సంతకం చేసే ముందు రోజే కాపీ తెప్పించుకుని, అర్థం కాని చోట తెలిసినవాళ్లతో చదివించుకోండి.

ఈ విషయాలు స్పష్టంగా ఉండాలి:

• అడ్వాన్స్ ఎంత, ఏ తేదీన, ఏ పద్ధతిలో ఇచ్చారు. ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు.

• పెయింటింగ్ కోసం ఎంత కోస్తారు. ఒక నెల అద్దె కోయడం అక్కడ అలవాటు. ఆరు నెలలే ఉన్నా అంతే కోస్తారా అని అడిగి రాయించండి.

• ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి. కనీసం ఇన్ని నెలలు ఉండాలన్న షరతు ఉందా. ఒప్పందంలో ఏమీ రాయకపోతే ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం నెలవారీ అద్దె ఇంటికి 15 రోజుల నోటీసు వర్తిస్తుంది.

• పదకొండు నెలల తర్వాత అద్దె ఎంత శాతం పెంచుతారు.

• మెయింటెనెన్స్, నీళ్లు, ట్యాంకర్ ఖర్చు ఎవరిది.

• ఇంట్లో ఉన్న ఫ్యాన్లు, గీజర్, అల్మారాల జాబితా. దిగిన రోజే గది గదికీ వీడియో తీసి యజమానికి పంపండి. ఖాళీ చేసే రోజు ఇదే మీ సాక్ష్యం.

డబ్బు నగదుగా ఇవ్వకండి. అగ్రిమెంట్‌లో సంతకం పెట్టిన యజమాని పేరు మీదున్న బ్యాంకు ఖాతాకే పంపండి. యూపీఐలో సాధారణంగా రోజుకు లక్ష రూపాయల పరిమితి ఉంటుంది కాబట్టి పెద్ద మొత్తానికి నెఫ్ట్ వాడండి. ఖాతా నంబర్ కొట్టగానే ఖాతాదారు పేరు చూపించే సౌకర్యాన్ని రిజర్వ్ బ్యాంక్ ఆదేశాలతో బ్యాంకులు 2025 నుంచి ఇస్తున్నాయి. పేరు కలవకపోతే ఆపేయండి. యజమాని పాన్ నంబర్ కూడా తీసుకోండి. ఏడాది అద్దె లక్ష దాటితే ఆఫీసులో హెచ్ఆర్ఏ మినహాయింపుకు అది అడుగుతారు.

డబ్బు పోతే ఏం చేయాలి?

మోసమని తెలిసిన క్షణమే 1930కు ఫోన్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు ఇంకా మోసగాడి ఖాతాలోనో, దాని తర్వాతి ఖాతాలోనో ఉంటే అక్కడే నిలిపేసే అవకాశం ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ఉండటం వల్లే చాలామంది నష్టపోతారు.

'మోసం బెంగళూరులో జరిగింది, అక్కడికే పొండి' అంటారేమోనని వెనకాడొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. మీ ఊరి స్టేషన్‌లోనే ఇవ్వండి. చాట్‌లు, ఫోన్ నంబర్లు, లావాదేవీ నంబర్లు, ప్రకటన స్క్రీన్‌షాట్‌లు చెరిపేయకుండా తీసుకెళ్లండి.

ఇల్లు నిజమే, యజమానీ నిజమే, అడ్వాన్స్ మాత్రం తిరిగి ఇవ్వడం లేదంటే అది సాధారణంగా సివిల్ వివాదం. ముందు రాతపూర్వకంగా అడగండి, తర్వాత లాయర్ నోటీసు పంపండి. న్యాయ సేవల సంస్థ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయ పరిమితిలోపు ఉన్నవాళ్లకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

ఇంట్లో దిగాక

కరెంటు: కర్ణాటకలో గృహజ్యోతి పథకం కింద ఇళ్లకు గరిష్ఠంగా 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్ ఉంది. అద్దెకు ఉన్నవాళ్లు కూడా దరఖాస్తు చేయవచ్చు. అందరికీ 200 యూనిట్లు రావు, వాడకం సగటును బట్టి పరిమితి ఉంటుంది. ఆ మీటర్ పాత అద్దెదారు ఆధార్‌తో ముడిపడి ఉంటే ముందు విడదీయించాలి. మీటర్ మీ ఇంటికి వేరుగా ఉందా, భవనమంతటికీ ఒకటేనా అన్నది అగ్రిమెంట్‌కు ముందే తెలుసుకోండి.

బండి: మన రాష్ట్రం నంబర్ ప్లేటుతో వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి బండి ఉంచితే, మోటారు వాహనాల చట్టం ప్రకారం అక్కడ కొత్త నంబర్‌కు దరఖాస్తు చేయాలి. దానికి ఇక్కడి రవాణా శాఖ నుంచి ఎన్ఓసీ కావాలి, అక్కడ పన్ను కట్టాలి. పాత బైకు అయితే తీసుకెళ్లడం లాభమా కాదా లెక్క వేసుకోండి.

రేషన్: ఆహార భద్రత చట్టం పరిధిలోని కార్డు ఉంటే 'ఒకే దేశం ఒకే రేషన్' కింద బెంగళూరు చౌకధర దుకాణంలో వేలిముద్ర వేసి ధాన్యం తీసుకోవచ్చు.

ఓటు: అక్కడే స్థిరపడాలనుకుంటే ఫారం 8తో చిరునామా మార్చుకోవచ్చు.

పోలీసు వివరాలు: అద్దెదారు వివరాలు స్టేషన్‌కు ఇవ్వాలని యజమాని అడిగితే అది మామూలే, ఇవ్వండి.

గుర్తుంచుకోవాల్సిన వరుస

యాప్‌లో ధరలు చూడండి. ఫోన్‌లో ప్రశ్నలు అడగండి. లైవ్ వీడియోలో ఇల్లు చూడండి. కాగితాలు తెప్పించుకోండి. మీరో, మీ మనిషో వెళ్లి ఇల్లు చూడండి. అగ్రిమెంట్ చదివి సంతకం చేయండి. ఆఖరున యజమాని ఖాతాకు డబ్బు పంపండి.

ఈ వరుసలో డబ్బును ముందుకు తెమ్మని ఎవరు ఒత్తిడి చేసినా ఆ ఇల్లు వదిలేయండి. 'రేపటికల్లా పోతుంది' అన్న ఇల్లు పోతే పోనివ్వండి, బెంగళూరులో ఇంకో గేటుకు ఇంకో బోర్డు వేలాడుతూనే ఉంటుంది.